మన్రో దొర: శిస్తు తగ్గింపును భూస్వామ్యమును

చెన్నపురిలో కోటనుండి మౌంటురోడ్డునకు వచ్చు త్రోవలో, ద్వీపమని పిలువబడు మైదానమునొద్ద, జీనును రికాబులును లేని గుఱ్ఱముపై నొక దొర కంచువిగ్రహము నిలిచియున్నది. 1839 లో నెలకొల్పబడిన యీ విగ్రహమును కచ్చేరీలకును, న్యాయస్థానములకును, వైద్యశాలలకును బోవు మన యాంధ్రసోదరులు దినదినమును జూచుచునే యుందురు. అది సర్ తామస్ మన్రో విగ్రహమని పెక్కుమంది యెఱుగుదురు. రైతువారీ పద్ధతిని స్థాపించినవాడని పాఠశాలలో జదివిన మాటయు జ్ఞాపక ముండవచ్చును. కాని యాతడు జీవితమంతయు నే ప్రశ్నతో బెనగులాడెనో, ఆ ప్రశ్న నేటికిని మన భూములపై నెట్లు నిలిచియున్నదో యోచించువారు తక్కువ. భూమి యెవరిది? సర్కారు దానినుండి యెంత తీసికొనవచ్చును? పట్టాదారుని హక్కు నాగటిచాలు లోతువఱకేనా, అంతకు దిగువను గూడ గలదా? ఇవి మూడు ప్రశ్నలుగా గన్పట్టినను, నిజమున కొక్కటే యని మన్రో జీవితము మనకు దెలుపుచున్నది.

తామస్ మన్రో 1761 వ సంవత్సరము మే 27 వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి యలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకము చేయుచుండెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధముచే నా వర్తకము చెడి, కుటుంబము ఇబ్బందులపాలయ్యెను. కుమారుడు ఈస్టిండియా కంపెనీవారి సేనలో జేరి 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. అప్పటి కాతనికి 18 ఏండ్లు. ఆ యేడే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. ఆ యుద్ధమునందును, తరువాత టిప్పుసుల్తానుతో 1790 మొదలు 1792 వఱకు జరిగిన యుద్ధమునందును మన్రో పాల్గొనెను. విరామ మున్నపుడు పారశీకమును, హిందుస్థానీని నభ్యసించెను. ఈ భాషాజ్ఞానమే యాతని జీవితమార్గమును మార్చినది.

1792 లో టిప్పుసుల్తాను బారామహలు సీమను కంపెనీకి వదలుకొనెను. నేటి కృష్ణగిరి, ధర్మపురి, సేలము ప్రాంతములే యవి. తమిళ కన్నడములతోపాటు తెలుగును బహుకాలమునుండి వినబడుచున్న సీమ యది. ఆ మండలమును బాలించుటకు దేశభాష లెఱిగిన సైనికోద్యోగులే మేలని గవర్నరు జనరలు కార్నవాలిసు తలచెను. కెప్టెను అలెగ్జాండరు రీడు అధికారిగా నియమింపబడగా, ఆతని సహాయకులలో మన్రో యొకడయ్యెను. 1792 నుండి 1799 వఱకు నేడేండ్లు గ్రామగ్రామము దిరిగి, కరణముల లెక్కలు పరికించి, రైతులతో స్వయముగా మాటలాడి, శిస్తు నిర్ణయించు విద్యను వారు నేర్చిరి. సర్కారునకును రైతునకును నడుమ గుత్తదారు నిలిచినచో, సర్కారు తగ్గించిన సొమ్ము వానిచేత జిక్కుననియు, పెంచిన భారము మాత్రము రైతుపై బడుననియు వారికి దోచెను. ఒక్కొక్క రైతుతో నేరుగా నొడంబడిక చేసికొను రైతువారీ పద్ధతి కిదియే పునాది.

1799 లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప, మన్రో కన్నడ సముద్రతీరమందలి కానరా మండలమునకు కలెక్టరుగా బోయెను. ఆ సీమ యాతనికి ప్రియమైనది కాదు. వానలకు, కొండదారులకు విసిగి బదిలీని గోరుచుండెను. అయినను జీవితమందలి పెద్ద పాఠమును నచ్చటనే నేర్చెను. పూర్వపు రాజుల కాలమున నచ్చటి శిస్తు తేలికగా నుండుటచే, భూమి సొంత యాస్తిగా దండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు, క్రయవిక్రయములకు, తాకట్టులకు లోబడియుండెను. హైదరు, టిప్పు పాలనలలో శిస్తు పెరుగగా, కొన్నిచోట్ల భూమికి వెలయే లేకపోయెను. సర్కారు శిస్తు పోగా సాగుదారునకు గూలిమాత్రమే మిగులుచోట, వా డెన్ని తరములు దున్నినను భూస్వామి కాడనియు, ఏ కొంచెము మిగిలినను నా మిగులే భూస్వామ్యమనియు మన్రో గ్రహించెను. శాసనము వ్రాసి యిచ్చిన హక్కు కన్న, శిస్తు తగ్గించి విడిచిన భాగమే నిజమైన హక్కు. ఆతని తరువాతి వ్రాతలన్నియు నీ సూత్రమునకు వ్యాఖ్యానములని చెప్పవచ్చును.

1800 అక్టోబరులో జరిగిన సంధిచే, నిజాము మైసూరు యుద్ధములలో దనకు వచ్చిన సీమలను గంపెనీకి దత్తము చేసెను. నేటి కర్ణాటకమందలి బళ్లారి, మన కడప, అనంతపురము, కర్నూలు జిల్లాలలోని కొన్ని తాలూకాలు వానిలోనివి. దత్తమండలములని పేరొందిన యీ సీమకు 1928 లో నంద్యాల మహాసభయందు రాయలసీమ యను గౌరవనామము గలిగెను. మన్రో ప్రధాన కలెక్టరుగా నలుగురు సహాయ కలెక్టర్లతో నచ్చటికి వచ్చెను. అనంతపురమున గొంతకాలము తన కచ్చేరీ నుంచెను. ఇంచుమించు 80 మంది పాలెగాండ్రు కోటలు గట్టుకొని, బలవంతపు రాబడులు గొనుచుండిరి. మన్రో వారిలో ననేకులను సైన్యబలముచే నణచి, కొందఱకు భరణము లేర్పఱచెను. ఏడేండ్లలో నధికభాగము డేరాలలోనే గడపెను.

పాలెగాండ్రు అణగిన పిమ్మట కొలత ప్రారంభమయ్యెను. దేశీయులైన గుమాస్తాలకు గొలత నేర్పి, గొలుసులతో బొలము లన్నియు గొలిపించెను. మెట్ట, మాగాణి, తోట యని విభజించి, మన్నుయొక్క గుణమునుబట్టి తరగతు లేర్పఱచి, గ్రామపు రెడ్లు, కరణములు, రైతులు చెప్పిన లెక్కలతో సరిచూచి శిస్తు నిర్ణయింప జేసెను. బీడుభూములను సాగులోనికి దెచ్చువారికి దొలియేండ్ల తక్కువ శిస్తుతో గౌలు లిచ్చెను. ఎడ్లకు, విత్తనములకు తక్కావి యప్పు లిప్పించెను. సీమ తేరుకొనెను. మండలపు భూమిశిస్తు ఏడేండ్లలో నూటికి 50 వంతున బెరిగెను. కంపెనీవారి దృష్టిలో నది గొప్ప విజయము. మన్రో కీర్తికి మొదటి మెట్టును నదియే.

అయితే యా విజయమున నొక దోషము గలదని మన్రోయే యెఱుగును. పెరిగిన సొమ్ము రైతు చేతినుండి వచ్చినదే. తాను నిర్ణయించిన శిస్తు పంట మొత్తములో నూటికి 45 వంతులని యాతడు లెక్కవేసెను. అంత భారముక్రింద భూమి యాస్తి కానేరదని కానరాలో నేర్చినది తానే. పై యధికారులు రాబడిని గోరుచుండగా, తగ్గింపు కోరు కలెక్టరు ఉద్యోగము నిలుపుకొనుట కష్టమని కూడ నాతని కెఱుకయే. రాబడి పెంచి చూపిన పిమ్మటనే, తగ్గింపుమాట నెత్తెను. దీనిని గొందఱు దూరదృష్టి యందురు. మఱికొందఱు ఆ యేడేండ్ల భారము మోసిన రైతు పక్షమున దప్పు పట్టుదురు. రెండు మాటలందును నిజము గలదు.

1807 ఆగస్టు 15 వ తేదీన మన్రో రెవెన్యూబోర్డునకు బంపిన నివేదిక మన భూచరిత్రలో ముఖ్యమైన పత్రము. కొలతచే నేర్పడిన శిస్తులో నన్ని భూములకును నూటికి 25 వంతులు తగ్గింపవలయుననియు, నూతులక్రిందను, ఏఱులనుండి వాగులనుండి యంత్రములతో నీరు తోడుకొను చోట్లను మఱి 8 వంతులు చేర్చి నూటికి 33 వంతులు తగ్గింపవలయుననియు నాతడు ప్రతిపాదించెను. ఈ యధికపు తగ్గింపునకు షరతు, రైతు తన సొంత ఖర్చుతో నూతిని గట్టును మరమ్మతు చేసికొనుట. చిన్న చెరువుల మరమ్మతు వహించుకొను గ్రామములకు నట్టి తగ్గింపే యియ్యదలచెను. పెట్టుబడి పెట్టినవానికే దాని ఫలము దక్కవలయునను న్యాయ మిందు గలదు. తరువాతి కాలపు సెటిల్మెంట్లలో రైతు సొంతముగా ద్రవ్వుకొన్న నూతికి వేఱుగ శిస్తు వేయరాదను నియమ మేర్పడుటకు నీ భావమే బీజము.

అదే నివేదికలో, శిస్తు చెల్లించుచున్నంతకాలము రైతును భూమికి సంపూర్ణస్వామిగా నెన్నవలయుననియు, వాడు దానిని గౌలున కిచ్చుకొనుటకును నమ్ముకొనుటకును స్వతంత్రు డనియు, ఏటేట గొంతభూమి వదలుటకో క్రొత్తది పట్టుటకో వానికి స్వేచ్ఛ యుండవలయుననియు బ్రతిపాదించెను. కాని యా పత్రమున గఠినమైన భాగమును గలదు. సాధారణముగా పంట చెడినంతమాత్రాన శిస్తు వజా చేయరాదనియు, చెల్లింపని వాని బాకీ వాని యాస్తినుండి రానిచో దక్కిన గ్రామస్థులు నూటికి 10 వంతుల వఱకు నదనముగా భరింపవలయుననియు నందు జెప్పెను. వానలు నమ్మరాని రాయలసీమలో నీ నిబంధన యెట్టిదో వేఱుగ జెప్పనక్కఱలేదు. స్థిరమైన తగ్గింపు నిచ్చుచున్నందున, కరవునాటి వజాలు తక్కువ కావలయునని యాతని లెక్క. తేలికైన శిస్తు వచ్చినచో నా లెక్క కొంతవఱకు నిలిచెడిది. కాని యది వెంటనే రాలేదు.

1807 లో మన్రో స్వదేశమునకు వెడలగా, రెవెన్యూబోర్డువారు తగ్గింపు నంగీకరింపక, రైతువారీనే త్రోసివేసి, గ్రామములను మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు గుత్తల కిచ్చిరి. శిస్తు భారమైయుండగా గుత్త పుచ్చుకొన్న రెడ్లు పెక్కుమంది చెడిరి. ఉత్తర సర్కారులలో 1802 శాసనముచే శాశ్వత జమీందారీ లప్పటికే వెలసియుండెను. లండనులో పార్లమెంటువారి విచారణసంఘము ముందు మన్రో సాక్ష్యమిచ్చి, రైతువారీ పక్షమున గట్టిగా వాదించెను. 1812 లో వెలువడిన యయిదవ నివేదికలో నాతని భావములకు దగిన స్థానము దొరకెను. 1814 లో జేన్ కాంబెలును వివాహమాడి, న్యాయపరిపాలనా సంస్కరణసంఘమున కధ్యక్షుడుగా మఱల చెన్నపట్టణము జేరెను. 1817 మొదలు జరిగిన మహారాష్ట్రయుద్ధమున దక్షిణ మహారాష్ట్ర సీమలో ధారవాడ, బాదామి కోటలను గైకొనెను. 1820 లో చెన్నపట్టణపు గవర్నరయ్యెను.

అధికారము చేతికి వచ్చిన యా యేడే, దత్తమండలములలో మెట్ట మాగాణులకు నూటికి 25, తోటలకు నూటికి 33 వంతుల తగ్గింపు నమలు పఱుప నుత్తరువిచ్చెను. తాను కలెక్టరుగా గోరిన వరమును 13 ఏండ్లకు దానే గవర్నరై యిచ్చుకొనెను. ఈ నడుమ గడచిన యేండ్లలో రైతుల చేతినుండి పోయిన సొమ్ము తిరిగి రాలేదు. గవర్నరుగా నాతడు విద్యాస్థితిని దెలిసికొన 1822 లో జిల్లాలవారీ విచారణ చేయించెను. 1824 డిసెంబరు 31 నాటి దీర్ఘమైన మినిట్టులో దేశీయులను గొప్ప యుద్యోగములకు దూరముగ నుంచుట వారి శీలమును దిగజార్చుననియు, ఈ రాజ్యము చిరకాలము నిలుచునని తలపరాదనియు వ్రాసెను. విజేతయై వచ్చినవాడు గనుక యాతని నుదారుడని యతిగా గొనియాడనక్కఱలేదు. అయినను నా కాలపు పాలకులలో నింత నిష్కపటముగ వ్రాసినవారు తక్కువ.

పన్ను మినహాయింపులలో మఱియొక తెగ ఇనాములు. దేవాలయములకు, మఠములకు, బ్రాహ్మణులకు, గ్రామసేవకులకు బూర్వరాజు లిచ్చిన మాన్యములు దత్తమండలముల నిండ నుండెను. మన్రో వానిని పట్టికలు వ్రాయించి విచారించెను. ఈ విచారణనుండియే మన జనులు చెప్పుకొను కథలు పుట్టినవి. మంత్రాలయమున మఠపు మాన్యమును విచారింపబోయిన మన్రోతో శ్రీ రాఘవేంద్రస్వాములవారు బృందావనమునుండి మాటలాడి రని జనశ్రుతి. తిరుమల శ్రీవారి నైవేద్యమునకు నాతని పేర గంగాళ మేర్పడినదని చెప్పుదురు. మన్రో గంగాళమను పేరు నేటికిని వాడుకలో నున్నది. చరిత్రకారుడు వీనిని భక్తికథలుగనే యెంచవలయును. అయినను మాన్యమును దీయక విడిచిన కలెక్టరును దేవుని యనుగ్రహము పొందినవానిగ జనులు తలచి రనుటలో నర్థము గలదు. సర్కారు విడిచిన భాగమే ప్రజల మనసున మిగులును.

ఉద్యోగమునుండి విరమించుటకు గోరి, భార్యాపుత్రులను ముందుగ నింగ్లండునకు బంపి, వారసుని రాకకై యెదురుచూచుచు, 1827 వేసవిలో దాను పెంచిన సీమను దుదిసారి చూడ మన్రో బయలుదేఱెను. ఆ సీమలో గలరా వ్యాపించియుండెను. గుత్తి దాటి పత్తికొండ జేరిన పిమ్మట నాతనికే యా వ్యాధి సోకి, 1827 జూలై 6 వ తేదీన నచ్చటనే మరణించెను. మొదట గుత్తిలో బూడ్చి, 1831 లో నాతని యస్థులను చెన్నపురి కోటలోని సెంటు మేరీ దేవాలయమునకు దెచ్చిరి. పత్తికొండలో సర్కారువా రాతని స్మారకముగ దోపును నూతిని నేర్పఱచిరి. దత్తమండలములలో బెక్కుమంది తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఏ గవర్నరునకును శిలాశాసనములు దొరకవచ్చును. రైతుల యిండ్లలో నామకరణము దొరకుట యరుదు.

ఆతడు మరణించిన పత్తికొండ చుట్టుపట్ల, తుగ్గలి, జొన్నగిరి పొలములందును, అనంతపురపు వజ్రకరూరునందును, తొలకరి వానలు పడగానే జనులు గుంపులుగ వచ్చి దున్నిన చేలలో వజ్రములు వెదకుట నేటికిని గలదు. ఆ దృశ్యము చూచినవారికి మన్రో విడిచిపోయిన ప్రశ్న వెంటనే తోచును. రైతు భూమికి సంపూర్ణస్వామి యని యాతడు వ్రాసెను. కాని భూమి యనగా నాగలి తిరుగు మన్నేనా, క్రింది ఱాయియు నందు జేరునా? దీనికి స్పష్టమైన యుత్తర మాతడు పెట్టిన పట్టాలో లేదు. పూర్వము విజయనగరపు రాజులు వజ్రపు గనులను గుత్తల కిచ్చి, నిర్ణీత పరిమాణమును మించిన ఱాళ్ళను దామే గైకొనుచుండిరి. మన్రో గవర్నరుగ నున్న దినములలో, 1825 లో, హీతు అను నింగ్లీషువానికి నీ రాజధానిలో సీమపద్ధతిని ఇనుము చేయుటకు గంపెనీవా రధికార మిచ్చిరి. పంటకు లెక్క గట్టిన సర్కారు, పట్టాభూమి క్రిందిదానికి గూడ లెక్క చెప్పవలసిన దినము వచ్చునని యప్పటికి దోచినట్లు లేదు.

ఆ మౌనముయొక్క ఫలము వేర్వేఱు సీమలలో వేర్వేఱుగ గన్పట్టెను. శాశ్వత పైసలాగల జమీందారీలలో గనుల హక్కు జమీందారునకే గలదని ప్రీవీకౌన్సిలువా రెన్నిరి. విజయనగరపు జమీందారీలో 1892 మొదలు మాంగనీసు త్రవ్వినపుడు, గనుల కౌలు జమీందారీనుండియే పొందవలసివచ్చెను. అచ్చటి సాగుదారునకు బై మన్ను దున్నుటయే దక్కెను. బొంబాయివారు 1879 నాటి భూశాసనమున, శిస్తుభూములలోని ఖనిజములు సర్కారువని స్పష్టముగ వ్రాసికొనిరి. చెన్నపట్టణపు రెవెన్యూబోర్డువారు మాత్రము రైతువారీ పట్టాభూములలో ఖనిజములు తామే సొంత మనక, త్రవ్విన దానిలో సర్కారునకు భాగము గలదని తమ నియమములలో బెట్టిరి. పంటలో భాగమడిగిన పాత పద్ధతియే యిది. శిస్తు గొనువాడు భాగస్థుడేగాని స్వామి కాడనుట యిందలి భావము.

స్వాతంత్ర్యానంతరము 1948 నాటి చెన్నరాష్ట్రపు ఎస్టేటుల రద్దు శాసనముచే జమీందారీలు గనులతోసహా సర్కారునకు సంక్రమించినవి. 1957 నాటి గనుల శాసనముచే, భూమి యెవరిదైనను, లైసెన్సు లేక కౌలు లేనిది ఖనిజములు త్రవ్వరాదను కట్టడి యేర్పడినది. ఈ రెంటిని జూచి, భూగర్భమంతయు సర్కారుదే యని యధికారులును ప్రజలును నమ్ముచుండిరి. 2013 జూలై 8 వ తేదీన సుప్రీముకోర్టు త్రిసభ్య ధర్మాసనము, మలబారు జన్మభూములనుగూర్చిన వ్యాజ్యమున నా నమ్మకమును గాదనెను. ఖనిజసంపద యంతయు రాజ్యముదేయని చెప్పు శాసన మేదియు లేదనియు, చట్టబద్ధముగ దొలగింపబడనంతకాలము క్రిందిహక్కు పైభూమి స్వామ్యము వెంటనే పోవుననియు దీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి చలమేశ్వరుగారు కృష్ణాజిల్లావారు. రైతువారీ చరిత్రను, రెవెన్యూబోర్డు పాత నియమములను నా తీర్పున సవిస్తరముగ బరిశీలించిరి. రాయల్టీ విషయము మాత్ర మప్పటికి విస్తృత ధర్మాసనమునకు విడువబడెను. 2024 జూలై 25 వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, రాయల్టీ పన్ను కాదనియు, ఖనిజభూములపై పన్ను వేయు నధికారము రాష్ట్రములకు గలదనియు నధికసంఖ్యాకుల యభిప్రాయముచే నిర్ణయించెను.

దీనిచే రైతు కేమి దక్కినది? శాసనమున హక్కు స్థిరపడినది. చేతికి వచ్చు ఫలము మాత్రము కట్టడులలో జిక్కియున్నది. ఇచ్చట మన్రో సూత్రమే మఱల వర్తించును. హక్కు ఎంత యుండెనో చెప్పునది పత్రము కాదు. సర్కారు కట్టడులు, పన్నులు పోగా మిగిలిన భాగమే. ఆదాయపు పన్నును జూడుడు. 1886 నాటి శాసనముచే సేద్యపు రాబడి యా పన్నునుండి మినహాయింపబడినది. భూమి యప్పటికే శిస్తు మోయుచుండుట దానికొక కారణము. ఆ మినహాయింపు నేటికిని నిలిచినది. కాని యా చేనిక్రింద ఱాయి దొరకి దానికి సొమ్ము వచ్చినచో, అది సేద్యపు రాబడి కాదు గనుక పన్ను తప్పదు. ఒకే పొలము, ఒకే పట్టా, రెండు న్యాయములు. 2015 లో గనుల శాసనమునకు జరిగిన సవరణచే, జిల్లా ఖనిజనిధికి రాయల్టీలో వేలపు గనులు నూటికి 10, పూర్వపు గనులు నూటికి 30 వంతులు చెల్లించు పద్ధతి వచ్చినది. అది ప్రాంతమునకు మేలేగాని, చేను పోగొట్టుకొన్నవాని స్వామ్యమునకు బ్రతిఫలము కాదు.

మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియము, బళ్లారి ఇనుపరాయి మన్రో కొలిపించిన దత్తమండలములలోనివే. ఆతని గుమాస్తాలు మన్ను రంగును జూచి తరగతి నిర్ణయించి పోయినచోట నేడు యంత్రములు క్రిందికి ద్రవ్వుచున్నవి. దేశమునకు ఖనిజములు వలయును. వానిని సర్కారు నియమించుటయు నవసరమే. కాని యుద్యోగులుగను, న్యాయవాదులుగను, లెక్కలు వ్రాయువారుగను నీ నగరమున నున్న మనము, ఊరనున్న పట్టాలను భద్రపఱచుకొను మనము, ఒక విషయమును మఱవరాదు. మన్రో తగ్గింపు రైతునకు భిక్ష కాదు. దానినే యాతడు స్వామ్యమునకు మూలమని యెంచెను. ఆ తగ్గింపు 13 ఏండ్లు ఆలస్యమైనందున నెన్ని కుటుంబములు భూములు వదలి పోయినవో యెవరును లెక్కింపలేదు. క్రింది హక్కునుగూర్చిన స్పష్టత యింతకంటె నాలస్యమైనది. తీర్పు వచ్చిన తరువాతనైనను, పట్టాదారునకు దక్కు భాగ మెంతయో శాసనముచే నంకెలతో జెప్పుట యధికారుల విధి. అట్లు చెప్పువఱకు, ద్వీపపు మైదానమునొద్ద నున్న దొర 1807 లో మొదలిడిన పని సగమే యైనట్లు మన మెంచవలయును.